గోడ మీద అద్దం ముక్క

పోయిన సోమవారం మా బడి గోడకు అద్దం ముక్క అంటించారు. అంటించింది సచివాలయంలో పనిచేసే ఇంజనీరు అమ్మాయి. నా కూతురి వయసుంటుంది. ఎనిమిదో తరగతి గదిలో కిటికీ పక్కన గోడ నిలువునా నెర్రె ఇచ్చింది. ఆ నెర్రెకు అడ్డంగా రెండు వేళ్ళ వెడల్పు అద్దం పెట్టి, అటూ ఇటూ తెల్ల సిమెంటు మెత్తి, "ఇది పగిలితే గోడ కదులుతున్నట్టు లెక్క మేడమ్, ఆ రోజు నుంచి పిల్లల్ని లోపల కూర్చోబెట్టొద్దు" అని చెప్పి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం డబ్బా మూత తీయలేదు.

పులివెందుల పక్కన నేను తెలుగు చెప్పే బడి ఇది. వచ్చే ఏడు రిటైరవుతాను. బడిని బైపాసు రోడ్డు పక్కకు మార్చాలని సగం ఊరు, మారిస్తే ఊరుకోమని సగం ఊరు ఆర్నెల్లుగా ఫోన్లలో తిట్టుకుంటున్నాయి. అద్దం తేల్చేదాకా ఆగుదామని ఇప్పుడు రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. నేను గోడకు జడిశానని తోటి టీచర్లు నవ్వారు. గోడను చూసి కాదు నా భయం. అద్దం పగులుతుందని కూడా కాదు. పగలకుండా ఉంటుందేమోనని.

నా చిన్నప్పుడు మా ఊళ్ళోనూ ఇలాగే ఒక అద్దం ముక్క ఉండేది.

మాది జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరికీ మధ్య ఊరు. హైస్కూలు ఊరి నడుమనే, మా ఇంటి గడపలో నిలబడితే గంట కొట్టేవాడి చెయ్యి కూడా కనపడేటంత దగ్గర. నాపరాళ్ళ గోడలు, పైన చౌడుమిద్దె. దూలాల మీద దంతెలనే సన్నటి వాసాలు, దంతెల మీద బండలు, బండల మీద జానెడు మందాన చౌడుమన్ను. నీళ్ళను కిందికి దిగనివ్వని ఉప్పుమన్ను అది. వేసవి పోతూనే ఊళ్ళో ప్రతి మిద్దె మీదా కొత్త చౌడు పోసేవాళ్ళు. తొలి వాన పడిన సాయంత్రం ఊరంతా ఒకటే వాసన, తడిసిన చౌడూ గొర్రెల దొడ్లూ కలిసిన వాసన. ఇప్పుడు ఆ మిద్దెలూ లేవు, ఆ వాసనా లేదు.

మా నాయన గొర్రెల కాపరి. ఏడాదిలో తొమ్మిది నెలలు అమ్మానాయనా మందతోనే తిరిగేవాళ్ళు. మైదుకూరు, ఖాజీపేట దిక్కు వరిపొలాల్లో రైతులు ఎరువు కోసం మంద కట్టించుకునేవాళ్ళు. నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని. అవ్వ అంటే నాయన తల్లి. పొద్దున్నే జొన్నరొట్టె, నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి. రొట్టె తట్టే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. అవ్వ నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా ఉండేది. సున్నం పెట్టుకునే చిన్న ఇత్తడి డబ్బీ ఆమె కొంగు ముడిలో ఉండాల్సిందే.

ఆ బడిని కట్టినప్పుడు అవ్వ పడుచుపిల్ల. సున్నం మోసే కూలికి పోయిందట. ఎద్దులతో గానుగ ఆడించి సున్నం నూరేవాళ్ళట. దాంట్లో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవాళ్ళట. కూలికొచ్చిన ఆడవాళ్ళు ఆ బెల్లం నీళ్ళు దొంగచాటుగా తాగేవాళ్ళట. అవ్వ ఈ ముక్క చెప్పి నవ్వినప్పుడల్లా ఎర్రటి పళ్ళు కనపడేవి. "ఆ గోడలో నేను తాగంగ మిగిలిన బెల్లముండాది" అనేది. బడిలో పలక పట్టుకుని కూర్చున్నది మాత్రం ఎప్పుడూ లేదు. అందుకే నన్ను బడికి తోలడం ఆమెకు పంతం. నాయనకు ఆ పంతం లేదు. ఆయన మాట ఒకటే.

"బడి అవ్వకు కండ్లబడేంత దగ్గరుంటేనే సదువు. దూరమైతే మంద ఎనక వస్తావు" అన్నాడు. ఇంకోసారి చెప్పలేదు. నాయన ఏదీ రెండుసార్లు చెప్పడు.

నేను ఎనిమిదిలోకి వచ్చిన ఏడు బడిని మార్చాలన్న మాట పుట్టింది. రోడ్డు పక్కన, వంక దాటి మూడు మైళ్ళ అవతల, కొత్త బిల్డింగుకు స్థలం ఇస్తామన్నారట పైవాళ్ళు. వంక అవతలి పల్లెల వాళ్ళకు సంతోషం. వాళ్ళ పిల్లలు ఏళ్ళ తరబడి వానాకాలం నడుముల్లోతు నీళ్ళు దాటి వస్తున్నారు. వంకలో కొట్టుకుపోబోయిన పిల్లవాణ్ణి జుట్టు పట్టి లాగిన కథ వాళ్ళు ఎప్పుడు వచ్చినా చెప్పేవాళ్ళు. మా ఊరి బజారు వాళ్ళకు మాత్రం గుండె మండింది. బడి పోతే ఊరు పాడుపడుతుందని బట్టలంగడి శెట్టి మామ ప్రతి గడపకూ తిరిగి చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ బడిలోనే చదివాడు, దాని కటకటాలకు ఏటా రంగు తనే వేయించేవాడు. టీ అంగడి దగ్గర రెండు పక్షాలూ ఎదురుపడితే గ్లాసులు ఎత్తేసేదాకా పోయేది. నేను శెట్టి మామ పక్షం. నా భయం నాది.

గొడవకు మూలం ఎనిమిదో తరగతి గోడలోని నెర్రె. దూలం కొస దిగిన చోటి నుంచి రెండు గదుల నడుమ కిటికీ దాకా పాకింది. గోడకు ఇవతల మేం, అవతల ఆరో తరగతి పిల్లలు. కూలుతుందని వంక అవతలి వాళ్ళు, గానుగ సున్నంతో కట్టిన గోడ వెయ్యేండ్లు నిలుస్తుందని బజారు వాళ్ళు.

హెడ్మాస్టరు కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఆయన "అండీ" అన్నప్పుడల్లా మేం వెనక నుంచి నోళ్ళు తిప్పేవాళ్ళం. ఆయనే పంచాయితీ పెట్టి, పటాలు కట్టే అంగడి నుంచి అద్దం ముక్క కోయించి తెచ్చి, మేస్త్రీ చేత సున్నంతో ఆ నెర్రెకు అడ్డంగా అతికించాడు.

"దసరా సెలవుల దాకా ఈ అద్దం పగలకుండా ఉంటే బడి ఇక్కడే ఉంటుందండీ. పగిలితే మరునాడే ఖాళీ చేద్దాం. ఒప్పుకుంటారా?"

రెండు పక్షాల పెద్దలూ ఆకూవక్కా పుచ్చుకుని సరేనన్నారు. మా ఊళ్ళో ఆకూవక్కా పుచ్చుకున్న మాట తప్పడం ఎవరికీ తెలియదు.

నీళ్ళు దిగితే నెర్రె పెద్దదవుతుందని శెట్టి మామ మరుసటి వారమే ఏడు బండ్ల చౌడు తోలించాడు. ఊరంతా కదిలింది. పిల్లలం గంపలు నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కాం. పైన మగవాళ్ళు మన్ను పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసలతో కొట్టారు. మాకు బొరుగులూ బెల్లమూ పంచారు. ఆ రోజంత సంతోషంగా నేను బడికి ఎప్పుడూ పోలేదు. మెడ పట్టేసి ఇంటికొచ్చి అవ్వకు గొప్పగా చెప్పాను.

అవ్వ ఆకుకు సున్నం రాస్తూ ఆగింది. "పాత మన్ను దించినారా?" అంది.

"లేదవ్వా. దాని మీదనే పోసినాం."

"పోయినేడు?"

"పోయినేడూ దించల్యా."

అవ్వ ఆకు నోట్లో పెట్టుకోలేదు. ఇంటి మిద్దెకైతే కొత్త చౌడు పోసే ముందు పాతది గీకి దించడం మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన పని. బరువు పెరిగితే దూలాలు ఆగవని ఎవరికి వాళ్ళకు తెలుసు. బడి మిద్దె ఒకరిది కాదు. ఏటా కొత్త మన్ను పోయడానికి అందరూ ప్రేమగా వచ్చేవాళ్ళు, పాత మన్ను దించాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. అన్నేళ్ళ మన్ను ఆ దూలాల మీదే ఉంది. ఇదంతా నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆ రోజు అవ్వ ముఖం చూసి భయం వేసింది, అంతే.

మన్ను పోసిన తొమ్మిదో రోజు గది ఊడ్చే వంతు నాది. తలుపు తీసి కిటికీ దగ్గరికి పోయాను. అద్దంలో తలవెంట్రుక అంత సన్నటి గీత. వేలితో రాసి చూశాను. గీత పోలేదు. వేలికి తగిలింది.

అరిస్తే అయిపోతుంది. మధ్యాహ్నానికి బడి ఖాళీ, మూడు మైళ్ళు, వంక, నాయన మాట. గొర్రెల వెనక నడిచే నన్ను నేనే కళ్ళారా చూసుకున్నాను. చీపురు అక్కడే పడేసి ఇంటికి ఉరికాను. పటాల అంగడి వెనక చెత్తలో అద్దం పెచ్చులు ఎప్పుడూ ఉండేవి. అవ్వ దొడ్లో నీళ్ళు పోసుకుంటోంది, కొంగు ముడిలోని సున్నం డబ్బీ తీసి గూట్లో పెట్టిపోయింది. గీత పడిన ముక్క పీకేసి, కొత్తది పెట్టి, సున్నంలో బెల్లం నలిపి, ఇసుక కలిపి, గోరుతో మెత్తాను. అవ్వ చెప్పిన కథలన్నీ ఆ పొద్దు నాకు పనికొచ్చాయి. గంట కొట్టేసరికి గోడ మీద అద్దం చెక్కుచెదరకుండా ఉంది. హెడ్మాస్టరు వచ్చి చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "బాగుందండీ" అని తనలో తాను అనుకుని పోయాడు.

ఆ రోజు నుంచి నేను చదివింది ఏమీ లేదు. చెవులు మిద్దెకే అప్పగించాను. పాఠం నడుస్తుండగా నోటుబుక్కు మీద సన్నటి మన్ను రాలేది. తోటి పిల్లలు ఊదేసి రాసుకునేవాళ్ళు. నేను ఊదకుండా ఎంత పడిందో చూసేదాన్ని. వాన వచ్చిందంటే అది ఆగేదాకా దూలాలు లెక్కపెట్టేదాన్ని. పైన దూలం ఎప్పుడో ఒకసారి సన్నగా మూలిగేది. మాస్టరుకు వినపడేది కాదు. పన్నెండు రోజులకు రెండో అద్దం పగిలింది. ఈసారి నిలువునా. దాన్నీ మార్చాను. నా వంతు కాకపోయినా రోజూ ఊడుస్తానని ముందే పోయేదాన్ని. నేను మంచిపిల్లనని మాస్టరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు సిగ్గుతో చచ్చిపోయాను.

గోడకు అవతల, సరిగ్గా ఆ దూలం కింద, ఆరో తరగతిలో పటాల అంగడాయన కూతురు కూర్చునేది. రెండు పిలకలు, ఎప్పుడూ చీదే ముక్కు. ఆ పిల్ల నెత్తి మీద మిద్దె పడినట్టు కల వచ్చింది. మరునాడు బెల్లం ముక్క ఇచ్చి, వాకిలి దగ్గర కూర్చోమన్నాను.

"గోడకు ఆనుకుంటే సల్లగుంటాదక్కా" అంది.

రోజూ బెల్లం ఇస్తానన్నాను. రోజూ ఇచ్చాను. బెల్లం చప్పరించినంతసేపు వాకిలి దగ్గర కూర్చుని, అయిపోగానే మళ్ళీ గోడ దగ్గరికి పోయేది. ఒక్క పిల్లను జరిపితే మిగతా నలభైమంది సంగతి ఏమిటని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. అడిగితే జవాబు తెలుసు గనక అడగలేదు.

మూడో అద్దం నాలుగు రోజులకే పగిలింది. ముక్క రెండుగా విడిపోయి, నడుమ వేలు పట్టేటంత సందు. ఇంకో అద్దం తెచ్చి మెత్తుతుంటే సున్నం మోచేతుల దాకా కారింది. ఆ మధ్యాహ్నం జోరువాన. జ్వరం వచ్చిందని అబద్ధం చెప్పి ఇంటికొచ్చాను. గడప దాటేసరికి నిజంగానే ఒళ్ళు కాలిపోతోంది.

అవ్వ నుదురు చూసింది, చేతులు పట్టుకుంది. వేళ్ళ కొసలు తిప్పి చూసింది. సున్నానికి పొక్కి చర్మం పొరలు పొరలుగా లేచింది.

"ఆకు తినని దానివి. నీ చేతి ఏళ్ళకు సున్నమేంది?"

చెప్పేశాను. ఏడుస్తూ, ఎక్కడ మొదలుపెట్టానో కూడా తెలియకుండా చెప్పాను. అవ్వ తిట్టలేదు, కొట్టలేదు.

"ఎన్ని అద్దాలు?"

"మూడు పగిలినాయి. ఇప్పుడుండేది నాలుగోది."

"లోపల పిల్లోల్లు ఉండారా?"

"ఉండారు."

ఆమె చేతికర్ర తీసుకుని వానలోకి దిగింది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటడానికే మూలిగే మనిషి ఆ వీధిలో నడిచిన నడక నేను మళ్ళీ చూడలేదు. నేను వెనకాలే ఉరికాను. చెప్పేస్తుంది, అందరిలో నా పేరు చెప్పేస్తుంది అని ఒక భయం. మేం పోయేలోపల పడిపోతుందని ఇంకో భయం. ఏది పెద్దదో ఇవాళ నిజం చెప్పగలను. అప్పుడు మొదటిదే పెద్దది.

మాస్టరు పాఠం చెబుతుండగానే అవ్వ లోపలికి పోయింది. కర్ర ఎత్తి అద్దం మీద ఒక్క దెబ్బ వేసింది. ముక్కలు కిటికీ అరుగు మీద రాలాయి. హెడ్మాస్టరు వచ్చాడు, వెనకాల గొడుగుతో శెట్టి మామ వచ్చాడు.

"ఏం పని చేస్తివి? నీకు పిచ్చి గిన పట్టిందా?" అన్నాడు శెట్టి మామ.

"పగిలింది శెట్టీ" అంది అవ్వ. "మాట ప్రకారం ఖాళీ చేయాల."

"పగల్లా. నువ్వు పగలగొడితివి."

"నేనే పగలగొట్నా. ఈ గోడకు సున్నం మోసింది నేనే. ఆ పొద్దు మోసిన చేత్తోనే ఈ పొద్దు పగలగొట్నా. పిల్లోల్లను బయటికి తోలు సారూ, తర్వాత నన్ను ఏమన్నా అనుకో."

హెడ్మాస్టరు కింద పడిన ముక్క తీసి చూశాడు. అంచున సున్నం తడిగా ఉంది. ఆయన తన వేలికి అంటిన సున్నాన్ని చూశాడు, తర్వాత వాకిట్లో తడిసి నిలబడ్డ నన్ను చూశాడు. పోయి గంట కొట్టాడు.

పిల్లలు వానలో పుస్తకాలు నెత్తిన పెట్టుకుని బయటపడ్డారు. మరునాటి నుంచి చెనిక్కాయల గోడౌన్లో పాఠాలు. అవ్వ ఇంటి ముందు బజారు వాళ్ళు తిట్టిపోశారు. ఆకుల అంగడాయన ఆమెకు ఆకులివ్వడం మానేశాడు. అవ్వ కొన్నాళ్ళు వట్టి వక్కే నమిలింది.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం, వాన లేదు, గాలి లేదు, ఎండ కాస్తోంది. నేను గోడౌన్లో లెక్క చేస్తున్నాను. నేల అదిరింది. చప్పుడు తర్వాత వచ్చింది. అందరం ఉరికాం. బడి మీద తెల్లటి చౌడు దుమ్ము లేచి, చాలాసేపు దిగలేదు. దిగాక చూస్తే ఆరో తరగతి గది లేదు. పటాల అంగడాయన కూతురు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నా గోడ" అంది. నాకు ఆ పిల్ల ముఖం చూడటానికి ధైర్యం చాల్లేదు. ఈనాటికీ ఆ చెయ్యి నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది.

అవ్వకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. శెట్టి మామ ఒక రోజు వచ్చి, ఆకుల కట్ట అరుగు మీద పెట్టి పోయాడు.

బడి రోడ్డు పక్కకు పోయింది. దీపావళికి నాయన వచ్చి, రెండోసారి చెప్పకుండానే నన్ను తీసుకుపోయాడు. ఏడాదిపాటు మంద వెనక నడిచాను. గొర్రెల మధ్య పడుకుని, ఎనిమిదో తరగతి పద్యాలు మరిచిపోకుండా రోజూ అప్పజెప్పుకునేదాన్ని. ఆ ఏడాది తర్వాత అవ్వ ఆ మోకాళ్ళతోనే జమ్మలమడుగుకు నడిచిపోయి, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని, ఆడపిల్లల హాస్టల్లో సీటు సంపాదించింది. ఆ హెడ్మాస్టరే ఉత్తరం రాసిచ్చాడని తర్వాత తెలిసింది. అద్దాల సంగతి అవ్వ చచ్చిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. నేనూ ఇవాళే రాయడం.

ఈ పొద్దున అందరికంటే ముందు బడికి వచ్చాను. సోమవారం నుంచీ అలాగే వస్తున్నాను. అయినా నా కంటే ముందే ఎనిమిదో తరగతి గది తలుపు తీసి ఉంది. గది శుభ్రంగా ఊడ్చి ఉంది. అద్దం గోడ మీద చెక్కుచెదరకుండా మెరుస్తోంది. దాని అంచు మీద వేలు పెట్టాను. తెల్ల సిమెంటు వేలికి అంటింది. ఇంకా తడి ఆరలేదు.

ప్రార్థనకు పిల్లలు వరసలు కడుతున్నారు. ఎనిమిదో తరగతి వరసలో చివరి పిల్ల కుడిచెయ్యి వెనక్కు దాచుకుని నిలబడింది. బైపాసు వైపు నుంచి వచ్చే పిల్ల కాదు, ఈ వీధిదే. వాళ్ళమ్మా నాన్నా ఇటుకబట్టీ పనికి పోయారని, నాయనమ్మతో ఉంటోందని హాజరు తీసేటప్పుడు విన్నాను.

తాళాలగుత్తితో అద్దం మీద గట్టిగా కొట్టాను. చప్పుడుకు మా బడి హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చి ఎవరు పగలగొట్టారని అడిగితే, నేనేనని చెప్పాను. పిల్లల్ని లోపలికి రానివ్వొద్దని, ఇంజనీరు అమ్మాయికి ఫోన్ చేయమని చెప్పాను. ఆ పిల్ల వైపు మాత్రం చూడలేదు.

ఇది చెట్టు కింద కూర్చుని రాస్తున్నాను. పిల్లలు చుట్టూ గోల చేస్తున్నారు. సాయంత్రం గంట కొట్టాక ఆ పిల్లతో పాటు వాళ్ళ ఇంటికి నడవాలి. బైపాసు దాకా ఎవరు తోడు వస్తారో వాళ్ళ నాయనమ్మను అడగాలి. ఎవరూ లేరంటే, రోజూ నేనే వస్తానని చెప్పాలి. మా ఊళ్ళో అంత గొడవ జరిగినా, తోడు ఎవరొస్తారనే ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు.